ఎడమ చెంపకు చెక్క

సుంగై పెటాని
మార్చి 9

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "సరే", "పెట్టేస్తున్నాను" అని మూడు మాటలతో సరిపెడతావు. ఉత్తరానికైతే ఒక పేజీ అయినా జవాబు రాస్తావు. అందుకని కాగితం పట్టుకున్నాను. ఈ మలాయి దేశంలో మన ఎస్టేట్ తెలుగు బడి మూసేసినాక నాకు తెలుగు అక్షరాలు దిద్దించినవాడివి నువ్వే కాబట్టి, తప్పులుంటే నన్ననకు.

మన తర్షిణి సంగతి రాస్తున్నాను. అది చదువుకునే రోజుల నుంచి ఇక్కడి క్లబ్బులో ఎయిర్ రైఫిల్ కొడుతోందని నీకు తెలుసు. గాలి ఒత్తిడితో పేలే తుపాకీ. పది మీటర్ల దూరంలో ఆవగింజ కంటే చిన్న చుక్క, దాన్ని నిలబడి కొట్టాలి. జనవరి నుంచి క్లబ్బుకు వెళ్ళలేదు. కుడివైపు నుంచి ఇక వద్దని డాక్టర్ చెప్పేసినారు. అయితే ఎడమవైపు నుంచి నేర్చుకుంటానని ఇది పట్టు పట్టింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల, మళ్ళీ ఓనమాల నుంచి.

చిక్కేమిటంటే క్లబ్బులో ఎడమచేతివాళ్ళ తుపాకీ లేదు. ఉన్నవాటి చెక్కంతా కుడిచేతికి తగ్గట్టు చెక్కినది. అక్కడ తుపాకులు చూసుకునే పువనేశన్ అన్నాడు: "మీ అన్న పడవలు చేస్తాడు గదా అక్కా, ఈ చెక్క చెయ్యలేడా?" తుపాకీ క్లబ్బు గది దాటి రాకూడదు, అది చట్టం. చెక్క మాత్రం బయట చేయించుకోవచ్చని కమిటీ ఒప్పుకుంది. బిగించే పని పువనేశన్‌ది.

నవంబరులో రాష్ట్ర జట్టు ఎంపిక ఉంది. "అప్పటికి ఎడమ పక్క నుంచి కొట్టలేకపోతే వదిలేస్తానమ్మా" అంది, అన్నం కలుపుకుంటూ, చిన్నగా. అది గట్టిగా అరిచినప్పుడు నాకేమీ భయం లేదు. చిన్నగా అన్నప్పుడే భయం.

చేస్తావా?

వసంతి


హుటాన్ మెలింటాంగ్
మార్చి 21

చెల్లీ,

పార్సెల్ అందింది. పాత చెక్క, ఇనుప భాగం అడుగుకు పువనేశన్ తీసిన ప్లాస్టర్ అచ్చు, రెండూ పగలకుండా వచ్చినాయి.

ఆ చెక్కను బల్ల మీద పెట్టి రెండు రోజులు ఊరికే చూసినాను. భుజానికి ఆనే చివర, చెంప ఆనే చోటు, బొటనవేలు పోయే పల్లం, అరచేతిని నింపే పిడి. ఎక్కడా తిన్నని గీత లేదు. పడవలో కూడా ఉండదు. చేసినవాడు ఎవరో గాని గొప్ప పనివాడు.

నాకు ముందు చెంగాల్ చెక్కే తోచింది. మనిషి వయసంత కాలం ఉప్పునీళ్ళలో ఉన్నా చెడదు. మా పడవల షెడ్డు యజమాని తౌకే విని నవ్వినాడు. "కాంతయ్యా, ఆ పిల్ల తుపాకీతో సముద్రంలో దూకుతుందా?" అన్నాడు. పోటీల్లో తుపాకీ తూకానికి హద్దు ఉందని పువనేశన్ చీటీ కూడా రాసినాడు. చెంగాల్ చాలా బరువు. న్యాతో అనే చెక్క తీసుకున్నాను. ఎర్రగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది, మెట్లకు చేతిపట్లు దానితోనే చేస్తారు. షెడ్డు వెనక బాగా ఆరిన దుంగ ఒకటి ఉంది.

కొలతలకు బెంగ పడకు. పడవకు ఒక పక్క మూస గీస్తే చాలు. దాన్నే తిరగేసి రెండో పక్క చేస్తాం. ఈ పాత చెక్కకు అట్టలతో మూసలు కోసి తిరగేస్తాను. కుడి ఎడమ అవుతుంది.

భుజం నొప్పా, బెణుకా? నువ్వు రాయలేదు. నూనె కావాలంటే పంపుతాను.

కాంతయ్య


సుంగై పెటాని
ఏప్రిల్ 4

అన్నయ్యా,

నీ ఉత్తరం తర్షిణికి చదివి వినిపించినాను. దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. చెంగాల్ దగ్గర పకపకా నవ్వింది. జనవరి తరవాత ఆ నవ్వు ఇదే వినడం.

చెక్క వచ్చేదాకా ఊరుకోవడం లేదు. ఫ్యాక్టరీ నుంచి రాగానే హాల్లో నిలబడి తుడుపుకర్రను ఎడమ భుజానికి ఆనించుకుంటుంది. గోడ మీద పెన్సిలుతో పెట్టిన చుక్క. అంతే, ఇక కదలదు. మీ బావ సోఫాలోంచి "ఆ కర్రతో ఇల్లు కూడా తుడవొచ్చు లా" అంటాడు, ఎప్పటిలాగే మాట చివర మలాయి "లా" తగిలించి. ఇది పెదవులు మాత్రం కదిపి "అప్పా, నవ్వించకు, గురి పోద్ది" అంటుంది.

నిన్న దాని మోచేతి మీద దోమ వాలింది. నేను వంటగది గుమ్మంలోంచి చూస్తున్నాను. దోమ కడుపునిండా తాగి ఎగిరిపోయింది. దానికి రెప్ప కూడా ఆడలేదు. చూస్తున్న నేను నా మోచెయ్యి గోక్కున్నాను. కన్నదాన్ని నేనే అయినా, ఆ నిలకడ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు. నాది కాదు, మీ బావది అసలే కాదు.

నొప్పి ఏమీ లేదు. నూనె పంపకు.

వసంతి


హుటాన్ మెలింటాంగ్
మే 12

చెల్లీ,

చెక్క ఎక్స్‌ప్రెస్ బస్సులో పంపినాను. ఉత్తరం నింపడానికి నాకు వేరే మాటలు దొరకవు గనక రోజూ రాసుకునే పుస్తకంలోంచి కొంత దింపుతున్నాను.

సోమవారం. వాన. పడవ ఏదీ ఒడ్డెక్కలేదు. దుంగ చీల్చినాను. లోపల రంగు బాగుంది.

గురువారం. అచ్చు ప్రకారం ఇనుము కూర్చునే గాడి తొలిచినాను. మసి పూసి ఆనించి, మసి అంటిన చోటల్లా తీసినాను. సాయంత్రానికి సరిగ్గా కూర్చుంది.

శనివారం. బాడిత పక్కన పెట్టి ఆకురాయి పట్టినాను. పిడి కుదిరింది.

మళ్ళీ బుధవారం. ఉప్పుకాగితం. తౌకే వచ్చి పిడి పట్టుకుని చాలాసేపు వదలలేదు.

ఆదివారం. నూనె మూడో పూత.

అంతే. గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో రాయి. దోమకు కూడా కదలలేదని రాసినావు. ఆ ఉత్తరం దాచినాను.

కాంతయ్య


సుంగై పెటాని
మే 24

అన్నయ్యా,

అబ్బా, ఏం చెక్క! పువనేశన్ దాన్ని బిగించేముందు క్లబ్బులో అందరికీ తిప్పి చూపించినాడు. ఒక పెద్దాయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసినాడు. కమిటీవాళ్ళు ఎవరు చేశారు, ఏ కంపెనీ అని అడిగారు. "హుటాన్ మెలింటాంగ్ కంపెనీ" అన్నాడు పువనేశన్. నిగనిగలాడుతోంది. తర్షిణికి బాగా నచ్చింది. చాలా బాగా కుదిరింది. నువ్వేమీ ఆలోచించకు.

ఫొటో పెడుతున్నాను.

వసంతి


హుటాన్ మెలింటాంగ్
జూన్ 2

చెల్లీ,

ఫొటో చూసినాను. వెనక నుంచి తీసినావు. పడవ అమ్మేవాడు ఒక పక్కే చూపిస్తే నేను చుట్టూ తిరిగి రెండో పక్కకు పోతాను.

నిగనిగ గురించి రాసినావు. వాసన గురించి రాసినావు. గుళ్ళు ఎక్కడ పడుతున్నాయో రాయలేదు. అడిగినాను.

ఇంకొకటి. ఫొటోలో దాని తల ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కుడికి తిరిగి ఉంది. మెడ నరం బిగిసి ఉంది. అలా నిలబడి ఎవరూ ఎంతోసేపు ఉండలేరు. భుజం బాగాలేని మనిషి భుజాన్ని కాపాడుకుంటుంది. ఇది భుజాన్ని కాపాడుకోవడం లేదు.

డాక్టర్ దేనికి వద్దన్నారు?

కాంతయ్య


సుంగై పెటాని
జూన్ 11

అన్నయ్యా,

నేను నీకు అబద్ధం రాయలేదు. రాయవలసింది రాయలేదు, అంతే. కుడివైపు అన్నాను, భుజం అని నువ్వు అనుకున్నావు, నేను అలాగే ఉండనిచ్చినాను.

దాని కుడి కన్ను పోయింది.

చిన్నప్పటినుంచి మందపాటి కళ్ళద్దాలు గదా. డిసెంబరులో ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ వచ్చి "అమ్మా, ఈ పక్క తెర దించినట్టుంది" అంది. కంటి వెనక రెటీనా పొర ఊడిందన్నారు. పెనాంగులో రెండుసార్లు ఆపరేషన్ చేసినారు. వెలుతురు ఉందో లేదో తెలుస్తుంది, అంతకంటే ఏమీ లేదు. చూసేవాళ్ళకు ఏ తేడా కనబడదు. కన్ను కన్నులాగే ఉంది.

ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఫ్యాక్టరీలో అది చేసే పని మైక్రోస్కోప్ కింద సర్క్యూట్ బోర్డుల తనిఖీ. తెలిస్తే తీసేస్తారని భయం. దానికంటే ఎక్కువ, "అయ్యో" అనే మొహాలు చూడలేనంటుంది. పువనేశన్‌కు చెప్పక తప్పలేదు. నీకు చెబుతానన్నాను. "మావయ్యకు అసలు వద్దు. ఆయన నాతో మాటాడేదే తక్కువ, ఇది తెలిస్తే అదీ మానేస్తాడు" అంది.

చెక్క కుదరలేదు అన్నయ్యా. చెంప ఆనించాలంటే మెడ వంచాలి, వంచితే కొంచెం సేపటికే పట్టేస్తోంది. గుళ్ళు చుక్కకు పైగా, కుడిగా చెదిరిపోతున్నాయి. పువనేశన్ నీకు రాస్తానంటే ఇది వాడి మీద లేచింది. "మావయ్య అంత అందంగా చేసినాడు. నేనే అలవాటు చేసుకుంటాను." మెడకు వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుంటోంది. నవంబరుదాకా అలా సాగదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ఒట్టు తీసి గట్టున పెట్టినాను. దానికి ఇంకా చెప్పలేదు.

వసంతి


హుటాన్ మెలింటాంగ్
జూన్ 20

చెల్లీ,

కన్ను గురించి నేను రాయను. రాయడం నాకు రాదు. మాటాడడం మానను అని తర్షిణికి చెప్పు.

చెక్క గురించి రాస్తాను. తప్పు నాది. పడవకు రెండు పక్కలూ ఒక్కలాగే ఉండాలి, లేకపోతే ఒరుగుతుంది. నేను పట్టిందల్లా పడవలే గనక మనిషి కూడా అంతే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చినాక చొక్కా విప్పి అద్దం ముందు నిలబడినాను. బాడిత పట్టీ పట్టీ నా కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉంది. ఇన్నేళ్ళకు ఇప్పుడు చూసినాను.

ఒక కంటితో చూసే మనిషి ఆ కన్ను మధ్యకు రావాలని ముఖం తిప్పుకుంటుంది. ముఖం తిరిగితే చెక్కకు చెంప ఎముక ఆనదు, దవడ ఆనుతుంది. పాత చెక్కను తిరగేసి నేను చేసినది అద్దంలో కనబడే తర్షిణి కోసం. దానికి అలవాటు పడమని అసలు తర్షిణికి చెప్పకు.

ఇక మూసలు వద్దు. దాని దవడే కావాలి. గోధుమపిండి గట్టిగా కలుపు. చెంప ఆనే దగ్గర పువనేశన్ చెక్క కొంత కోసేసి, ఆ చోట పిండి ముద్ద పెట్టాలి. తర్షిణి నిలబడాలి. చెక్క ఎలా ఉందో మరిచిపొమ్మను. మెడ వంచవద్దు. తలకు ఎలా హాయిగా ఉంటే అలా ఉంచి, పిండిలో ఆనమను. పిడికి కూడా అలాగే. ఆరబెట్టి పంపు.

కొయ్యడానికి పువనేశన్ సందేహిస్తాడు. నేను కొయ్యమన్నానని చెప్పు.

కాంతయ్య


సుంగై పెటాని
జూన్ 30

అన్నయ్యా,

నీ ఉత్తరం వినిపించేసరికి ముందు నా మీద మండిపడింది. "ఒట్టంటే ఒట్టే గదా అమ్మా!" అని రెండు రోజులు నాతో తమిళంలోనే మాటాడింది. కోపం వస్తే దానికి తెలుగు రాదు. తరవాత ఒక సాయంత్రం వచ్చి "మావయ్య అద్దం ముందు సొక్కా ఇప్పినాడా, నిజంగా?" అని అడిగింది. నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. అక్కడితో రాజీ.

పిండి డబ్బాలో పెట్టి క్లబ్బుకు పట్టుకుపోయినాను. పువనేశన్ మూత తీసి చూసి, "అక్కా, ఇది రైఫిల్ క్లబ్బా, రొట్టి కానై కాల్చే కొట్టా?" అన్నాడు. రంపం చేతిలో పెట్టుకుని చెక్క చుట్టూ తిరిగినాడే గాని కొయ్యడు. "ఇంత మంచి పని. నా చెయ్యి రావడం లేదక్కా." తర్షిణి వాడి చేతిలోంచి రంపం తీసుకుని తానే మొదటి కోత పెట్టింది.

పిండి పెట్టినాక చాలాసేపు నిలబడింది. మొదట పాత అలవాటుకు మెడ వంచింది. "వంచకు" అన్నాడు. మళ్ళీ వంచింది. "కళ్ళు రెండూ మూసుకో. బస్సులో కిటికీకి ఆనుకుని నిద్రపోతున్నావనుకో" అన్నాడు పువనేశన్. అప్పుడు తల దానంతటది పోయి ఒకచోట ఆగింది. కళ్ళు తెరిచి "ఇక్కడా!" అంది. ఎవరో ఇల్లు చూపిస్తే ఆశ్చర్యపోయినట్టు.

ఎండలో రెండు రోజులు పెట్టినాను. పంపుతున్నాను.

వసంతి


హుటాన్ మెలింటాంగ్
జూలై 8

చెల్లీ,

చీమలు దవడ దగ్గర మొదలుపెట్టి చెవిదాకా తినేసినాయి. సగం ముఖం వచ్చింది.

పిండి చెప్పినది నేనే. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి కొను. ఈసారి చీమలకు ఏమీ మిగల్చవద్దు.

కాంతయ్య


హుటాన్ మెలింటాంగ్
సెప్టెంబరు 3

చెల్లీ,

కొత్త పిడి, కొత్త చెంప చెక్క పంపినాను. చెంప చెక్కను విడిగా చేసినాను. రెండు మరలు విప్పితే ఊడి వస్తుంది. అది ఒట్టి చెక్కే గనక ఇంటికి తెచ్చుకోవచ్చునా అని పువనేశన్‌ను అడిగినాను. తెచ్చుకోవచ్చు అన్నాడు.

ఆలస్యం ఎందుకైందో రాయాలి. నీ ఆకుపచ్చ బంకమట్టి అచ్చు బాగా వచ్చింది. దాన్ని కిటికీలో పెట్టుకుని పని చేసినాను. దవడ ఎముక గీత స్పష్టంగా ఉంది. పళ్ళు బిగించి లేవు. వదులుగా ఉన్నాయి. అది చూసి చాలా సంతోషం వేసింది. కన్ను పోయిన ఏడాదిలోనే, తుపాకీ భుజాన పెట్టుకుని, పళ్ళు బిగించకుండా నిలబడగలిగిన పిల్ల. నేను కొత్త పడవ నీళ్ళలోకి దించేటప్పుడు ఇప్పటికీ పళ్ళు బిగిస్తాను.

రెండు చెంప చెక్కలు చేసి పడేసినాను. మొదటిది అచ్చును ఉన్నది ఉన్నట్టు దింపినాను, మరీ అతుక్కుపోయేలా ఉంది. రెండోదానికి నున్నదనం కోసం ఎక్కువ తీసేసినాను. ఇది మూడోది. ఇది కూడా పూర్తిగా సరి అని నేను అనను.

కాంతయ్య


సుంగై పెటాని
అక్టోబరు 13

అన్నయ్యా,

మంచి మాట ముందు. గుళ్ళు మధ్యకు వచ్చేసినాయి. పువనేశన్ చిల్లులు పడ్డ గురి కాగితాలు ఇంటికి పంపుతున్నాడు, నేను ఫ్రిజ్జు తలుపుకు అంటిస్తున్నాను. దాని కుడిచేతి రోజులకు ఇంకా దూరమే. కానీ మెడకు వేడినీళ్ళ సంచి అక్కర్లేదు.

ఇక రెండో మాట. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. నిన్న బజారు నుంచి వచ్చేసరికి వంటగదిలో నేల మీద పేపరు పరుచుకుని కూర్చుంది. నువ్వు చేసిన చెంప చెక్క కాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆకురాయితో గీకేస్తోంది! ఎర్రటి పొడి ఒళ్ళంతా.

"ఏటే అది! మావయ్య మూడుసార్లు సేసి పంపినాడు!"

"సగం గుళ్ళు కొట్టినాక ఇక్కడ ఒత్తుకుంటంది అమ్మా. ఈ ఎముక దగ్గర."

"ఆయనకు రాస్తే సరిచేసి పంపడా?"

"పంపుతాడు. పోటీకి ముందు రాదు. అయినా నా దవడ నాకు తెలుసు లా."

లాక్కోబోయినాను. ఇవ్వలేదు. నూనె పూసి నువ్వు తెచ్చిన ఆ మెరుపు ఉన్నచోట ఇప్పుడు పిల్లి గీరినట్టుంది. నీకు చెప్పొద్దనలేదు. "సెప్పు, ఆయన ఏటంటాడో సూద్దాం" అంది. నువ్వు కోప్పడినా నేనేమీ అనుకోను.

వసంతి


హుటాన్ మెలింటాంగ్
అక్టోబరు 19

చెల్లీ,

దాన్ని గీకనీ.

ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే నొక్కాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి. పిల్లి గీరినట్టు వచ్చిందంటే ఎత్తడం లేదు. కొంచెం తీసి, తుపాకీకి బిగించి చూసి, మళ్ళీ కొంచెం తియ్యాలి. పోయినది తిరిగి రాదు. అయినాక ఉప్పుకాగితం రుద్ది, నూనె పలచగా ఒక పూత చాలు.

నేను బంకమట్టిని చూసి చేసినాను. బంకమట్టికి నొప్పి పుట్టదు. ఎక్కడ ఒత్తుకుంటోందో దానికే తెలుస్తుంది. ఎవరినీ అడగకుండా ఆకురాయి పట్టిందని చదివి నేను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని రోజంతా తిరిగినాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నేను చేసినదాని మీద ఉలి పెట్టడానికి జంకుతారు. ఈ పిల్ల జంకలేదు.

మంచి ఆకురాయి ఒకటి పంపుతున్నాను. తర్షిణి వాడుతున్నది అసలు దేనికి చేసిన ఆకురాయో నాకు అనుమానంగా ఉంది.

కాంతయ్య


సుంగై పెటాని
నవంబరు 18

మావయ్యా,

నానే రాస్తన్నాను. రెండు నెలలయి అమ్మ దగ్గర అక్సరాలు నేర్సుకుంటన్నాను. తప్పులు దిద్దుతానంది, వద్దన్నాను. నాకు మాటాడినట్టే రాయడం వచ్చు.

శనివారం పోటీ అయింది. సెంప సెక్క బాగుంది. సివరిదాకా ఒత్తుకోలేదు.

కొట్టక ముందు ఒకటి అయింది. అది నీకు సెప్పాలి. అందరూ గురి సూడని కంటికి అడ్డంగా సిన్న అట్ట పెట్టుకుంటారు మావయ్యా, ఆ కన్ను మూసి ఉంచితే అలిసిపోద్ది గనక. నాకు అట్ట లేదు. నా పక్క లైన్లో ఒక మలాయి పిల్ల, నాకంటే సిన్నది. నన్ను సూసి, అక్కా అన్నట్టు, "కాక్, అట్ట మరిసిపోయినావా? నా దగ్గర ఇంకోటుంది, తీసుకో" అని సెయ్యి సాపింది. తీసుకుని పెట్టేసుకుంటే సరిపోను. ఇన్నాళ్ళూ అలాగే గదా సేసినాను. ఎందుకో తెలీదు, "తక్ పయా, నాకు వద్దు. ఈ కన్ను కనపడదు" అనేసినాను. గట్టిగానే అన్నాను. సెవులకు ప్లగ్గులు ఉన్నాయి గదా, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీలేదు. లైను మొత్తం తిరిగి సూసింది.

ఆ పిల్ల "ఓ" అంది. తరవాత అంది, "నీకు అదృష్టం లా. నాది ఎప్పుడూ సగంలో జారిపోద్ది." ఇద్దరికీ నవ్వొచ్చేసింది. ఆఫీసరు "జంగన్ బిసింగ్!" అని అరిసినాడు, అల్లరి సెయ్యొద్దని. అయ్యో అన్నోళ్ళు ఎవరూ లేరు. ఉన్నారేమో, నాకు కనపడలేదు.

నలుగురిని తీసుకున్నారు. నాను నాలుగోదాన్ని. ఆ పిల్ల రెండోది.

సోమవారం ఫ్యాక్టరీలో కూడా నానే సెప్పేసినాను. ఉద్యోగం తియ్యలేదు. మైక్రోస్కోప్ దగ్గర నుంచి తీసి స్టోరులో కూసోబెట్టినారు. నాకు ఆ పని ఇష్టం మావయ్యా, బోర్డులు సూడ్డం. ఇప్పుడు అట్టపెట్టెలు లెక్కపెడతన్నాను. ఒకరోజు బాత్రూములో ఏడిసినాను. అమ్మకు సెప్పకు.

మార్చిలో కౌలాలంపూరులో పెద్ద పోటీ. మా జట్టు ఎల్తంది. నువ్వు మీ పక్కూరు తెలుక్ ఇంతాన్ దాటి రావని అమ్మ అంటాది. రా మావయ్యా. మాటాడకపోయినా పరవాలేదు.

తర్షిణి


హుటాన్ మెలింటాంగ్
నవంబరు 26

తర్షిణీ,

నీ ఉత్తరం చదివినాను. నీ అక్షరాలు మీ అమ్మ అక్షరాలకంటే గుండ్రంగా ఉన్నాయి.

బోర్డుల పని పోయినందుకు నాకు బాధగా ఉంది. ఎక్కడో ఒకచోట ఏడవడం మంచిదే. మీ అమ్మకు చెప్పను.

మార్చికి సెలవు కావాలని తౌకేను అడిగినాను. ఎందుకన్నాడు. కాఫీ కొట్టులో కూర్చుని ఉన్నాం. మా మేనకోడలు తుపాకీ కొడుతుందని మొదలుపెట్టినాను. కన్ను గురించి చెప్పవచ్చునా అని ఆగినాను. లైను మొత్తం విన్నదని నువ్వే రాసినావు గనక చెప్పినాను. ఆ పిల్ల అట్ట ఇవ్వబోతే నువ్వు ఏమన్నావో చెప్పినాను. రంపం నువ్వే పట్టుకున్నావని, ఆకురాయి నువ్వే పట్టుకున్నావని చెప్పినాను. పక్క బల్లవాళ్ళు కూడా కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. నాలుగోదానివని చెప్పడం మరిచిపోయినాను. "గెలిచిందా లేదా చెప్పు" అని తౌకే అడిగితే అప్పుడు చెప్పినాను. ఇన్నేళ్ళలో నేను ఇంతసేపు మాటాడడం వినలేదన్నాడు. నా కాఫీ చల్లారిపోతే ఇంకొకటి తెప్పించినాడు.

కౌలాలంపూరు వస్తాను. చూసేవాళ్ళు మీ వెనక కుర్చీల్లో కూర్చుంటారని పువనేశన్ చెప్పినాడు. ఆఖరి గుండు కొట్టినాక మీరు తుపాకీ కింద పెట్టి వెనక్కి తిరుగుతారట. నువ్వు ఏ పక్క నుంచి తిరుగుతావో, తిరిగితే నీ ఎడమ కంటికి ముందుగా ఏ కుర్చీ కనబడుతుందో రాయి. జనం రాకముందే వచ్చి అందులో కూర్చుంటాను.

మావయ్య